టీ గ్లాసుకీ గుండెకీ నడుమ

గుండె ఆసుపత్రి ఎక్కడుంటే దాని గేటుకి ఎదురుగా ఒక టీ బంకు ఉంటుంది. విజయవాడలో చూశాను, గుంటూరులో చూశాను, హైదరాబాదులోనూ చూశాను. మా బాబాయిని చెకప్‌కి తీసుకెళ్ళినప్పుడల్లా రిపోర్టులు చేతికొచ్చేలోగా మేమూ అక్కడే తేలుతాం. ఓ పక్కగా నిలబడితే బోలెడు కాలక్షేపం. ఎకో తీయించుకొచ్చిన పెద్దాయన చంకలో ఫైలు పెట్టుకుని, మోచేతి మడతలో దూది ఇంకా తియ్యకుండానే, “పంచదార తగ్గించి ఒక టీ కొట్టు” అంటాడు. మావగారికి తోడొచ్చిన అల్లుడు టీ అందుకుని రెండో చేత్తో సిగరెట్టు వెలిగిస్తాడు. వార్డు బాయిలు వస్తారు, మెడలో స్టెతస్కోపుతోనే కుర్ర డాక్టర్లు వస్తారు. అందరికీ ఒకటే గిన్నె. లోపల గుండె గురించి సవాలక్ష జాగ్రత్తలు చెప్పించుకున్నవాళ్ళు గేటు దాటగానే మొదట అందుకునేది ఈ గ్లాసునే. “టీ సంగతి డాక్టర్ని అడిగావా బాబాయ్?” అన్నానోసారి. “అడిగితే వద్దంటాడేమోనని అడగలేదమ్మాయ్” అన్నాడు, నురగ ఊదుకుంటూ. ఆ జవాబు నన్ను పట్టుకు వదల్లేదు. ఉప్పు గురించి అడిగాడు. ఆవకాయ గురించి అడిగాడు. గుడ్డులో పచ్చసొన దగ్గర బేరమే ఆడాడు. టీ ఒక్కదాన్నీ మాత్రం డాక్టరు ముందు బోనెక్కించలేదు. అంత ప్రేమ దేనికి? ప్రేమా, భయమా?

నిజానికి మా ఇంట్లో టీకి అంత పరపతి లేదు. ఇంట్లో తాగేది కాఫీ. తెల్లవారుజామున ఇత్తడి ఫిల్టరులో చుక్కచుక్కగా దిగే డికాషను, చుట్టాలొస్తే తళతళలాడే స్టీలు గ్లాసులు, ఆ హడావుడంతా కాఫీదే. టీ అంటే బజారుది. పనికొచ్చినవాళ్ళకిచ్చేది. మా పెరట్లో గదులు వేస్తున్న రోజుల్లో పదకొండు గంటల వేళ మేస్త్రీ పరంజా దిగొచ్చి “అమ్మా, టీ నీళ్ళు” అంటే, నాయనమ్మ పెద్ద సత్తు గిన్నెలో నీళ్ళూ పొడీ పాలూ పంచదారా కలేసి కుతకుతా మరిగించేది. ఆ వాసన మాకు కాఫీకన్నా బాగుండేది. మాకూ కావాలని చుట్టూ చేరితే “టీ తాగితే నల్లబడతారే” అని కసిరేది. కాస్త పెద్దయ్యాక ఆ బెదిరింపు పనిచెయ్యక కారణం మార్చింది: “టీ తాగితే ఆకలి చచ్చిపోతుంది.” మొదటి మాట వట్టి కట్టుకథ, పైగా నలుపంటే చిన్నచూపున్న కట్టుకథ. రెండో మాట మాత్రం అంత తేలిగ్గా తీసెయ్యడానికి లేదు. ఎండలో ఇటుకలు మోసే మనిషి పదకొండింటికి టీ అడిగేది దాహం తీరడానికా, సద్దిమూట విప్పే వేళ దాకా ఆకలిని ఎలాగో నెట్టుకురావడానికా? అప్పట్లో నాకీ ప్రశ్న తట్టలేదు. గుండె ఆసుపత్రి ముందు నిలబడ్డాక తట్టింది. ఎందుకు తట్టిందో చెప్పడానికి కాస్త చుట్టు తిరిగి రావాలి.

గుండె పేరు చెప్పి టీ తాగించడం కొత్తేమీ కాదు. జపాన్‌లో ఐసాయ్ అనే బౌద్ధ సన్యాసి 1211లో టీ తాగి ఆరోగ్యంగా ఉండడం ఎలాగో చెబుతూ పుస్తకమే రాశాడు. ఒంట్లోని ఐదు ముఖ్యమైన అవయవాల్లో గుండె రాజు, గుండెకి ఇష్టమైన రుచి చేదు, మనం రోజూ తినేవాటిలో చేదు తక్కువ, టీ చేదుగా ఉంటుంది, కాబట్టి టీ తాగండి. ఇదీ ఆయన వాదం. కాకరకాయ పులుసుకి మొహం ముడుచుకునే పిల్లలకి మన పెద్దవాళ్ళు చెప్పేదీ దాదాపు ఇదే కదా! 1214లో కుర్ర షోగన్ సనెతొమో రాత్రి తాగింది దిగక బాధపడుతుంటే, ఐసాయ్ ఒక గిన్నెడు టీతో పాటు ఆ పుస్తకాన్నీ పంపించాడట. దీనికి ఎదురుకథ స్వీడన్‌లో ఉంది. కాఫీ, టీ విషాలని నిరూపించడానికి గుస్తావ్ రాజు ఇద్దరు కవల ఖైదీల మరణశిక్ష ఆపి, ఒకడికి రోజూ కాఫీ, మరొకడికి రోజూ టీ పట్టించాడని, వాళ్ళకన్నా ముందే కాపలా వైద్యులూ రాజూ పోయారని, టీ తాగినవాడు ఎనభై మూడేళ్ళు బతికాడని చెప్పుకుంటారు. కథే అనుకోండి, అయినా వినడానికి బాగుంటుంది. గాంధీగారైతే ఇలాంటి కథలకి లొంగలేదు. 1942లో ఆగాఖాన్ భవనంలో నిర్బంధంలో ఉన్నప్పుడు ఆరోగ్యం మీద రాస్తూ, తోళ్ళు పదును చెయ్యడానికి వాడే టానిన్ టీలో ఉందనీ, అది పొట్టలోని మెత్తటి పొరలకీ అదే గతి పట్టిస్తుందనీ హెచ్చరించారు. ఒకరికి మందు, ఒకరికి విషం. మధ్యలో వ్యాపారి ఉన్నాడు. తెల్ల దొరల ప్రభుత్వం 1903లో టీ మీద సెస్సు వేసి ఆ డబ్బుని ప్రచారానికి మళ్ళించింది. 1930ల మాంద్యంలో పైదేశాల గిరాకీ పడిపోయాక మిగిలిపోయిన టీని మన గొంతుల్లోకే దించాలన్న పట్టుదల పెరిగింది. రైల్వే స్టేషన్లలో టీ కాచే పద్ధతి రాసిన ఎనామిల్ బోర్డులు వేలాడాయి. సంతలో కంపెనీ మనుషులు ఊరికే టీ పోసేవారని మా తాతయ్య చెప్పేవాడు. ఊరికే పోసినవాళ్ళు మన గుండె బాగోగులు తలుచుకుని పోశారా?

ఇక లెక్కల్లోకి వస్తాను. ఈ లెక్కల్లో నన్ను అన్నిటికన్నా తికమక పెట్టినవి రెండు. 1993లో నెదర్లాండ్స్‌లోని జుట్ఫెన్ పట్టణంలో 65 దాటిన 805 మంది మగవాళ్ళ తిండిని ఐదేళ్ళు గమనించి ఒక ఫలితం చెప్పారు. టీలో, ఉల్లిపాయల్లో, ఆపిల్‌లో ఉండే ఫ్లేవనాయిడ్లు ఎక్కువగా తీసుకున్నవాళ్ళలో గుండెజబ్బు చావులు బాగా తక్కువ అని. అందులో పెద్ద వాటా టీదే. టీ ప్రియులకి పండగ. నాలుగేళ్ళు తిరక్కుండా, 1997లో, జుట్ఫెన్ లెక్క చెప్పిన పరిశోధకుడే వేల్స్‌లోని కేర్‌ఫిల్లీ పట్టణంలో దాదాపు 1,900 మంది మగవాళ్ళ సంగతి బయటపెట్టాడు. అక్కడ ఎక్కువ టీ తాగేవాళ్ళకి ఏ మేలూ కనబడలేదు. పైగా మొత్తం చావులు వాళ్ళలోనే ఎక్కువ. ఒకే ఆకు, రెండు ఊళ్ళు, రెండు తీర్పులు! వేల్స్‌వాళ్ళు టీలో పాలు పోసుకుంటారు, అదే కొంప ముంచిందేమో అన్నారు కొందరు. ఇంకో సంగతి కూడా ఉంది. జుట్ఫెన్‌లో టీ ఎక్కువగా తాగేవాళ్ళు కాస్త ఒద్దికైన జీవితాలవాళ్ళు. కేర్‌ఫిల్లీలో ఎక్కువ టీ తాగేది కాయకష్టం చేసేవాళ్ళు. సిగరెట్లు ఎక్కువ, కొవ్వు తిండి ఎక్కువ. అంటే లెక్క వేసింది టీనా, టీ తాగే మనిషి బతుకునా? పల్లకీ మోసేవాళ్ళ నడుం నొప్పికి పల్లకీ రంగు కారణమన్నట్టు లేదూ? నాకు ఇక్కడే నాయనమ్మ సత్తు గిన్నె, పరంజా దిగొచ్చిన మేస్త్రీ మళ్ళీ గుర్తొచ్చారు.

అలాగని ఆకులో ఏమీ లేదనడానికి లేదు. మన రక్తనాళాల లోపలి పొర నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువుని వదులుతుంది. అది నాళాన్ని వదులు చేసి రక్తం సాఫీగా పోనిస్తుంది. ఈ సంగతి కనిపెట్టినందుకే 1998లో ముగ్గురికి వైద్యంలో నోబెల్ ఇచ్చారు. టీలోని ఫ్లేవనాయిడ్లు ఆ వాయువు ఊరడానికి తోడ్పడతాయి. బోస్టన్‌లో అప్పటికే గుండెనాళాల జబ్బున్నవాళ్ళకి నెల రోజులు బ్లాక్ టీ ఇచ్చి చూస్తే చేతి రక్తనాళం ముందుకన్నా బాగా వ్యాకోచించిందని 2001లో తేలింది. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో 95 మందికి ఆరు నెలలపాటు, కొందరికి రోజుకి మూడు కప్పుల టీ, కొందరికి అదే రుచి అంతే కెఫీన్ ఉన్న ఉత్తుత్తి టీ ఇచ్చారు. అసలు టీ తాగినవాళ్ళ పై రక్తపోటు రెండు మూడు పాయింట్లు తగ్గింది. రెండు మూడు పాయింట్లంటే ఒక మనిషి విషయంలో ఏమంత లెక్క? మా బాబాయి బీపీ డాక్టర్ని చూస్తేనే పది పాయింట్లు పెరుగుతుంది. దేశం మొత్తానికి తగ్గితే మాత్రం అది చిన్న విషయం కాదంటారు. సరే, ఒప్పుకుంటాను. ఇలాంటి పరిశోధనల్లో కొన్నిటికి టీ అమ్మే కంపెనీల సొమ్ము కూడా అందింది. అందుకని అవన్నీ అబద్ధాలైపోవు, కానీ సంతలో ఊరికే టీ పోసినవాళ్ళు గుర్తొస్తారా రారా?

ఇంతకీ వాళ్ళు చెప్పే టీ, మనం తాగే టీ ఒకటేనా? ఈ అనుమానం నన్ను చాలా రోజులు తొలిచింది. 2007లో బెర్లిన్ డాక్టర్లు 16 మంది ఆడవాళ్ళకి వట్టి బ్లాక్ టీ ఇచ్చి చూస్తే రక్తనాళాలు చక్కగా తెరుచుకున్నాయి. అందులో పదో వంతు వెన్న తీసిన పాలు కలిపి ఇస్తే ఆ మేలు కాస్తా మాయమైంది. పాలలోని కేసీన్ టీలోని మంచి సరుకుని పట్టేసుకుంటోందన్నారు. పదో వంతు పాలకే ఇంత గొడవైతే, సగానికి సగం పాలు పోసి, పొంగొస్తే గరిటెతో దించి మళ్ళీ పొంగించి, నలుపు విరిగి ఇటుకరంగు తిరిగేదాకా మరిగించే మన బంకు టీ మాటేమిటి? చార్మినార్ దగ్గర దమ్ పెట్టిన డికాషనులో చిక్కటి పాలు పోసిచ్చే ఇరానీ చాయ్ మాటేమిటి? చేతులెత్తేద్దామనుకుంటుండగా 2022లో బ్రిటన్ నుంచి ఇంకో లెక్క వచ్చింది. దాదాపు ఐదు లక్షల మందిని పదకొండేళ్ళకి పైగా గమనిస్తే, రోజుకి రెండు కప్పులు, అంతకన్నా ఎక్కువ బ్లాక్ టీ తాగేవాళ్ళలో చావు ముప్పు 9 నుంచి 13 శాతం తక్కువ ఉందట. గుండెజబ్బు చావులూ తక్కువే. పాలు పోసుకున్నా పోసుకోకపోయినా ఆ తేడా ఉంది. బెర్లిన్ చేతిలో ఓడిన పాలు బ్రిటన్‌లో గెలిచాయి. జపాన్ వాళ్ళు 2006లోనే నలభై వేల మంది గ్రీన్ టీ లెక్క చెప్పారు: రోజుకి ఐదు కప్పులు తాగేవాళ్ళలో గుండె, రక్తనాళాల జబ్బు చావులు పావు వంతు తక్కువని. అన్నీ ఒక దగ్గర పెట్టి చూస్తే నాకర్థమైంది ఇంతే: టీ ఆకు గుండెకి కీడు చెయ్యదు, చేస్తే కొద్దిపాటి మేలు చేస్తుంది. ఆ కొద్దిపాటి మేలైనా మన గ్లాసులో మిగులుతోందా అన్నదే అసలు ప్రశ్న.

పంచదార సంగతి చూద్దాం. చెంచా పంచదారంటే నాలుగైదు గ్రాములు. బంకువాడు చెయ్యి తిరిగినవాడు కాబట్టి చెంచా నిండుగానే పడుతుంది. గ్లాసుకి రెండు చెంచాలు, రోజుకి ఐదు గ్లాసులు, అక్కడికే నలభై యాభై గ్రాములు. విడిగా కలుపుకునే పంచదార రోజుకి 25 గ్రాములకి మించకపోతే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. టీలో ముంచుకునే ఉస్మానియా బిస్కట్టు, బటర్ బిస్కట్టు, నాలుగింటి సమోసా ఈ లెక్కలో లేవు. రోజుకి మూడు కప్పుల టీతో తగ్గిన రెండు మూడు పాయింట్ల రక్తపోటు ఆ పంచదార తెచ్చే పొట్టకీ షుగరుకీ ఏ మూలకొస్తుంది? ఈ మధ్య హైవేల పొడుగునా బెల్లం టీ బోర్డులు వెలిశాయి. “బెల్లం కదండీ, ఆరోగ్యం” అంటూ కార్లాపి మరీ తాగుతున్నారు. బెల్లంలో కాస్త ఖనిజాలున్న మాట నిజమే. మిగతాదంతా చెరుకు చక్కెరే. రుచికి తాగితే అభ్యంతరం లేదు, నాకూ ఇష్టమే. షుగరున్నవాళ్ళు మందనుకుని తాగడమే దిగులు పుట్టిస్తుంది.

మళ్ళీ ఆ మేస్త్రీ దగ్గరికొస్తాను. తెల్లవారుజామున అడ్డా మీద కూలికి నిలబడేవాళ్ళు, రాత్రంతా స్టీరింగు వదలని లారీ డ్రైవర్లు, రెండు డ్యూటీలు కలిపి చేసే సెక్యూరిటీ గార్డులు, వీళ్ళ టీకి నా టీకి పోలిక ఉందా? నేను ఇడ్లీ తిన్నాక తాగుతాను. వాళ్ళు ఇడ్లీ బదులు తాగుతారు. నిద్ర తోసుకొస్తే టీ, కడుపు మండితే టీ, చెయ్యి ఖాళీగా ఉంటే టీతో పాటు బీడీ. ఆ ఐదారు గ్లాసుల్లోని పాలూ పంచదారే సగం రోజు వాళ్ళని నడిపే సత్తువ. 2004లో 52 దేశాల్లో గుండెపోటు కారణాలు వెతికిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం తొమ్మిది కారణాల పేర్లు చెప్పింది: పొగ, కొవ్వు, బీపీ, షుగరు, పొట్ట, మనసు మీది ఒత్తిడి, పళ్ళూ కూరలూ తక్కువ తినడం, ఒళ్ళు కదలకపోవడం, మద్యం సంగతి. పదిలో తొమ్మిది గుండెపోట్లు వీటి పద్దులోకే వస్తాయి. అందులో టీ పేరు లేదు. కానీ టీ బంకు దగ్గర నిలబడితే ఆ తొమ్మిదిలో నాలుగైదు కళ్ళముందే కనపడతాయి. మన ఉపఖండం వాళ్ళకి మొదటి గుండెపోటు సగటున 53 ఏళ్ళకే, మిగతా లోకం కన్నా ఐదారేళ్ళు ముందే వస్తోందని కూడా అదే అధ్యయనం చెప్పింది. ఆ వయసు విన్నప్పుడల్లా నాకు ఫైలు పట్టుకున్న పెద్దాయనకన్నా పక్కనే సిగరెట్టు వెలిగించిన అల్లుడి మీదే భయమేస్తుంది.

గుండెపోటు అనగానే మనకి మగవాళ్ళే మెదులుతారు. ఆడవాళ్ళ టీ గురించి ఎవరూ అడగరు. పొద్దున్నే పిల్లల క్యారేజీలు సర్ది, అందర్నీ సాగనంపి, టిఫిన్ చల్లారిపోతే ఓ గ్లాసు టీతో సరిపెట్టుకునే ఆడవాళ్ళు మా వీధిలో ఇంటికొకరున్నారు. మధ్యాహ్నం అన్నం తిని చెయ్యి కడగ్గానే ఇంకో గ్లాసు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఆహార సూచనలిస్తూ భోజనానికి గంట ముందు, గంట తర్వాత టీ కాఫీలు వద్దంది. టీలోని టానిన్లు తిండిలోని ఇనుముని ఒంటికి పట్టనివ్వవు కాబట్టి. రోజుకి 300 మిల్లీగ్రాములకి మించి కెఫీన్ పోకూడదనీ, కప్పు టీలో 30 నుంచి 65 మిల్లీగ్రాములు ఉంటుందనీ లెక్క చెప్పింది, పాలు లేని టీకే ఓటేసింది. ఆ సంస్థ పుట్టింది 1918లో, టీ తోటల నీలగిరుల్లో కూనూరులో. హైదరాబాదుకి వచ్చింది 1958లో. టీ పొదల మధ్య పుట్టిన సంస్థే ఆగి తాగమంటోందంటే వినాల్సిన మాటే. తెలుగు రాష్ట్రాలు రెండింటిలోనూ సగానికి పైగా ఆడవాళ్ళకి రక్తహీనత ఉంది. రక్తం బాగా పలచబడితే ఉన్న కాస్తనే ఒళ్ళంతా తిప్పడానికి గుండె మరింత పరుగు పెట్టాలి. ఆయాసం, దడ, కళ్ళు తిరగడం. “వేడి చేసింది” అనుకుని ఊరుకుంటారు. ఆ అలసట పోవడానికి మళ్ళీ టీ పెట్టుకుంటారు. పెద్ద పెద్ద పరిశోధనలేవీ తొంగిచూడని గుండె ఇక్కడుందేమో అనిపిస్తుంది.

పోనీ, టీ వల్ల దొరికే ఆ పది నిమిషాల తెరిపి, నలుగురితో కబుర్లు, అవి గుండెకి మంచివి కావా అని మీరడగొచ్చు. నేనూ అడిగి చూసుకున్నాను. మంచివే. అయితే తెరిపిచ్చేది టీ పొడా, పని ఆపి కూర్చోనిచ్చిన ఆ పది నిమిషాలా? టీ పేరు చెబితే తప్ప కూర్చోనివ్వని యజమానులున్నంతకాలం ఆ గ్లాసు కూలివాడికి అనుమతి పత్రం. దాన్ని లాక్కోమని ఏ డాక్టరు చెప్పినా నేనొప్పుకోను. దాంతోపాటు రెండు అరటిపళ్ళో గుప్పెడు వేరుసెనగలో అందితే బాగుండునని మాత్రం అనుకుంటాను.

కాబట్టి టీని మందుగా పొగడక్కర్లేదు, విషమని తిట్టక్కర్లేదు. గుండె కోసమని కొత్తగా మొదలుపెట్టక్కర్లేదు, గుండె కోసమని మానెయ్యక్కర్లేదు. దడ, నిద్రలేమి ఉన్నవాళ్ళు మాత్రం ఎన్ని గ్లాసులో డాక్టరుకి దాచకుండా చెప్పండి. మిగతావాళ్ళం చెయ్యాల్సినవి తేలికే. ఒక చెంచా పంచదార తగ్గించండి, నెల తిరిగేసరికి నాలుకే అలవాటు పడుతుంది. అన్నానికీ టీకీ మధ్య గంట ఎడం ఉంచండి. టీని టిఫిన్ చెయ్యకండి. పొగలు కక్కుతుండగా గొంతులో పోసుకోకండి, 65 డిగ్రీలు దాటిన వేడి పానీయాలు అన్నవాహికకి కాన్సరు తెచ్చే ప్రమాదం ఉందని 2016లోనే హెచ్చరించారు. పక్కన సిగరెట్టు మాత్రం పూర్తిగా ఆర్పెయ్యండి, అందులో బేరాల్లేవు. మీ ఇంట్లో పనిచేసేవాళ్ళకి పదకొండింటికి టీ ఇచ్చే అలవాటుంటే, దానితోపాటు తినడానికి ఏదైనా పెట్టండి. వాళ్ళ గుండెకి టీ ఆకు కన్నా అది ఎక్కువ మేలు చేస్తుంది.